మధ్యలో గోదావరి

విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కి గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది 1974 ఫిబ్రవరి 1న. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పుట్టిందీ అదే ఏడాది, అక్టోబరు 2న. ఈ రెంటికీ ఏమిటి సంబంధం అంటారా? కాగితాల మీద ఏమీ లేదు. కానీ ఏ శనివారం సాయంత్రమైనా ఆ రైలు స్లీపర్ బోగీల్లో ఓసారి అటూ ఇటూ నడిచి చూడండి. పై బెర్తు మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పక్కవాళ్లకి వినపడకుండా పెదాలు కదిలిస్తూ ఓ కుర్రాడో అమ్మాయో కనిపిస్తారు. ‘‘తుని దాటాం’’... ‘‘సామర్లకోట వచ్చింది’’... ‘‘బ్రిడ్జి ఎక్కింది, చప్పుడు వినపడుతోందా?’’ అవతల హాస్టల్ గదిలో ఉన్న మనిషికి ఆ చప్పుడు వినపడుతుంది. ఆ రాత్రికి వాళ్ల సినిమా, షికారు అన్నీ అదే.

అలాంటి జంట ఒకటుంది. పేర్లు వద్దు. ఎందుకు వద్దో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఆమెది తెనాలి. అతనిది రేపల్లె. గుంటూరులో ఒకే కాలేజీలో డిగ్రీ చదివారు. మూడేళ్లూ ఒకే ల్యాబ్‌లో పక్కపక్క బల్లల దగ్గర నిలబడి సాల్ట్ ఎనాలిసిస్‌లు చేశారు, ఒకరి రికార్డు చూసి ఒకరు రాసుకున్నారు. ప్రేమ అన్న మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు. 2018లో ఆమెకి సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటొచ్చింది. అతనికి విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో వచ్చింది. సర్టిఫికెట్లు తీసుకోవడానికి కాలేజీకి వెళ్లిన రోజున, బస్టాండులో సోడా తాగుతూ అతను అడిగాడట: ‘‘అయితే ఇంక రోజూ కనపడవా?’’ అంతే. ప్రేమలేఖా లేదు, గులాబీ పువ్వూ లేదు. రైలు దారిలో ఏడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం వచ్చిపడ్డాక గానీ ఇద్దరికీ సంగతి అర్థం కాలేదు.

ఎమ్మెస్సీ కుర్రాళ్ల దగ్గర డబ్బులెక్కడివి? మెస్ బిల్లు కట్టి, జిరాక్సులకు పోను మిగిలిందే టికెట్టు. నెలకోసారి అన్నారు గానీ, రెండు నెలలకోసారి కుదిరితే గొప్ప. అప్పట్లో రైలు టికెట్ 120 రోజుల ముందు తీసుకోవచ్చు (2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులైంది). నాలుగు నెలల తర్వాత ఏ శనివారం ఇంటర్నల్ పరీక్ష ఉండదో ఎవరికి తెలుసు? కాబట్టి ఎక్కువసార్లు తత్కాలే దిక్కు. పొద్దున పదకొండు గంటలకి స్లీపర్ తత్కాల్ తెరుచుకునే వేళకి ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో ముగ్గురు స్నేహితులు మూడు ఫోన్లతో సిద్ధంగా ఉండేవారు. ఒకడికి దొరికితే చాలు, మిగతా ఇద్దరికీ మాడుగుల హల్వా. దొరక్కపోతే జనరల్ బోగీ ఉండనే ఉంది. అందులో బాత్రూమ్ పక్కన న్యూస్‌పేపరు పరుచుకుని కూర్చుని వెళ్లిన రాత్రులూ ఉన్నాయి.

ఆదివారం తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో దిగి, ఎంఎంటీఎస్ పట్టుకుని లింగంపల్లి, అక్కణ్నుంచి క్యాంపస్. మళ్లీ సాయంత్రం అదే గోదావరికి తిరుగు ప్రయాణం. లెక్క వేస్తే రానూపోనూ పాతిక గంటలు రైల్లో, ఏడెనిమిది గంటలు ఆమెతో. ఆ ఏడెనిమిది గంటల్లో అతను ఓ గంట నిద్రపోయేవాడు! క్యాంపస్‌లో మష్రూమ్ రాక్ అని, పుట్టగొడుగులా నిలబడ్డ పెద్ద బండ ఉంటుంది. దాని నీడన చున్నీ తలకింద పెట్టుకుని అతను పడుకుంటే ఆమె పక్కన కూర్చుని సెమినార్ పేపర్ చదువుకునేది. మొదట్లో ఆమెకి ఒళ్లు మండేది. ఇంత దూరం వచ్చి నిద్రేమిటని. తర్వాత తర్వాత ఆ గంటే బాగుండేదట. ఫోన్‌లో ఎన్నయినా పంచుకోవచ్చు గానీ, ఏమీ మాట్లాడకుండా పక్కన ఉండటం ఫోన్‌లో కుదరదు కదా.

పావు చార్జీ రోజులు

ఇప్పుడు యాభై దాటినవాళ్లు ఈ కథ వింటే నవ్వుతారు. ‘‘మీకేం బాధర్రా, జేబులో ఫోనుంది’’ అంటారు. నిజమే. వాళ్ల రోజుల్లో రాత్రి పొద్దుపోయాక ఎస్టీడీ చార్జీ పావు వంతుకి తగ్గేది. ఆ వేళకి బూత్ ముందు హాస్టల్ కుర్రాళ్లు క్యూ కట్టేవారు. అద్దాల గదిలో ఎర్రంకెలు గిర్రున తిరుగుతుంటే, కళ్లు మీటరు మీద, చెవి రిసీవరు మీద. అవతల అమ్మాయి హాస్టల్లో ఉండేది ఒక్కటే ఫోను. వాచ్‌మన్ తీసి, మెట్ల కింద నిలబడి పేరు పెట్టి అరిచి, ఆమె దిగొచ్చేసరికి పదిహేను రూపాయలు ఖర్చు! అన్నయ్యనని చెబితే గానీ పిలవని వార్డెన్లు... ఎంతమంది ప్రియులు ఆ రోజుల్లో అన్నయ్యలయ్యారో.

ఆ తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. మిస్డ్‌కాల్ భాష వచ్చింది. ఒక రింగైతే ‘గదికి చేరాను’. రెండైతే ‘బ్యాలెన్స్ లేదు, నువ్వు చెయ్’. మూడైతే ‘అలిగాను’. ఎస్సెమ్మెస్‌ల కాలంలో ప్రేమికుల మీద ట్రాయ్ పిడుగే వేసింది. వ్యాపార సందేశాల బెడద తగ్గించడానికని 2011 సెప్టెంబరులో ఒక సిమ్ నుంచి రోజుకి వంద ఎస్సెమ్మెస్‌లే అంది. నవంబరుకల్లా రెండొందలకి పెంచింది. రోజుకి వందా సరిపోవా అని ఆశ్చర్యపోయారంటే మీరు అప్పుడు హాస్టల్లో లేనట్టే.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక మీటరన్నదే పోయింది. అదే ఏడాది నవంబరులో వాట్సప్‌లో వీడియో కాల్ వచ్చింది. ఇంకేం, దూరం మాయమైపోవాలి కదా? కాలేదు. మీటరు తిరుగుతున్నప్పుడు ఏం చెప్పాలో ముందే చీటీ మీద రాసుకుని వెళ్లేవారు. ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడొచ్చు. మాట్లాడటానికే ఏమీ ఉండదు.

‘ఏంటి విశేషాలు?’

తెనాలి అమ్మాయికీ రేపల్లె అబ్బాయికీ మొదటి సెమిస్టర్‌లోనే ఈ ఇబ్బంది వచ్చింది. రోజూ రాత్రి పదింటికి ఫోను.

‘‘తిన్నావా?’’

‘‘తిన్నా. నువ్వు?’’

‘‘తిన్నా. ఏంటి విశేషాలు?’’

‘‘ఏం లేవు. నువ్వు చెప్పు.’’

‘‘నువ్వే చెప్పు.’’

ఇలా నలభై నిమిషాలు. ఫోను పెట్టేశాక ఇద్దరికీ నీరసం. ఒక రాత్రి ఆమె నిద్రలోకి జారుకుంటే అతను అలిగాడు. ఒక రాత్రి అతను క్రికెట్ చూస్తూ ‘ఊ’ కొడుతున్నాడని ఆమె పట్టేసింది. అప్పుడు ఆమే ఓ పద్ధతి పెట్టింది. విశేషాలు అడగకూడదు. జరిగింది జరిగినట్టు చెప్పాలి, ఎంత చిన్నదైనా సరే. మెస్‌లో సాంబారులో ములక్కాడ ఒక్కటే తేలింది. కాలమ్‌లో సిలికా పగుళ్లిచ్చి రోజంతా చేసిన పని నాశనమైంది. హాస్టల్ గేటు దగ్గర కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది, అందులో ఒకదానికి చెవి నల్లగా ఉంది. ఆ నల్ల చెవి కుక్కపిల్ల సంగతి అతను ఆరు నెలలపాటు రోజూ అడిగాడు. అతనికి కుక్కలంటే పడవు, అయినా సరే.

చిత్రమేమిటంటే, ఈ సంగతి పరిశోధకులూ గమనించారు. క్రిస్టల్ జియాంగ్, జెఫ్రీ హాంకాక్ అనే ఇద్దరు 2013లో ప్రచురించిన అధ్యయనంలో 63 ప్రేమ జంటలు వారం రోజులపాటు తమ మాటల వివరాలు డైరీల్లో రాశాయి. దూరంగా ఉన్న జంటలు రోజుకి మాట్లాడుకునేది తక్కువసార్లే. కానీ ఆ కాస్తలో మనసు విప్పేది మాత్రం పక్కపక్కన ఉన్నవాళ్ల కంటే ఎక్కువని తేలింది. అవతలివాళ్లని ఉన్నదానికంటే కాస్త గొప్పగా ఊహించుకోవడం కూడా వీళ్లలో ఎక్కువేనట. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, దానితో తర్వాత పనుంది.

అమెరికా వెళ్లినవాళ్ల సంగతి ఇంకో రకం. డాలస్‌లో ఎమ్మెస్ చేసే కుర్రాడికీ, విజయవాడలో ఉన్న అమ్మాయికీ మధ్య చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, వేసవిలో పదిన్నర. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం ముందుకి జరుగుతుంది. నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. అతని రాత్రి ఆమె పగలు. ఒకరు పళ్లు తోముకుంటుంటే ఇంకొకరు దుప్పటి కప్పుకుంటారు. పెళ్లయి భార్య ఎఫ్-2 వీసా మీద వెంట వెళితే దూరం తీరుతుంది గానీ, అక్కడ ఆమె ఉద్యోగం చేయడానికి లేదు. బీటెక్ చదివిన అమ్మాయి రెండేళ్లు అపార్టుమెంటు కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ కూర్చోవాలి. అది మాత్రం దూరం కాదా?

సెలవులొస్తే భయం

అందరూ సెలవుల కోసం ఎదురుచూస్తారు. ఈ ఇద్దరికీ సెలవులంటే గుబులు. విశాఖకీ గచ్చిబౌలికీ మధ్య ఏడొందల కిలోమీటర్లయినా రాత్రి పదింటికి ఫోను మోగేది. సంక్రాంతికి ఇళ్లకి వెళితే తెనాలికీ రేపల్లెకీ మధ్య రైలు దారి 34 కిలోమీటర్లే, గంట పైచిలుకు ప్రయాణం. కానీ ఫోను మోగదు. ఇద్దరి కులాలూ వేరు. రెండిళ్లలోనూ ఎవరికీ తెలియదు. ఇంట్లో నాన్న, బాబాయి, పండక్కొచ్చిన అత్తయ్యలు. గదికి తలుపున్నా గడియ పెట్టుకునే అలవాటు లేని ఇల్లు. ఆడపిల్ల ఫోను పట్టుకుని డాబా ఎక్కితే వెనకే నాయనమ్మ వడియాలు చూసే వంకతో వచ్చేది.

ఆమె ఫోనులో అతని పేరు ‘ఎన్‌ఎంఆర్ ల్యాబ్’. అతని ఫోనులో ఆమె ‘హాస్టల్ మెస్’. ఓ పండగ రాత్రి ఫోను మోగితే వాళ్లమ్మ చూసి, ‘‘ఈ ల్యాబు వాళ్లకి పండగా పబ్బం ఉండవంటే?’’ అంది విసుక్కుంటూ. ఆమె గొంతు తడారిపోయింది. ‘‘మెషీన్ బుకింగమ్మా, రేపు నా వంతు’’ అంది. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుని ఆ రాత్రి ఏడ్చిందట. ప్రేమించినందుకు కాదు, అమ్మ ఆ మాట నమ్మినందుకు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. దేశమంతా ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. ఇద్దరూ ఇళ్లకి చేరారు, నెలల తరబడి అక్కడే. ఒకే జిల్లాలో, ఒకే రైలు పట్టాల రెండు చివర్లలో! ఎనిమిది నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పదింటి ఫోను పోయింది. అర్ధరాత్రి దాటాక దుప్పటి ముసుగులో టైపు చేసుకునే నాలుగు ముక్కలు మిగిలాయి. ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని పగలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరూ అడిగేవారు కాదు. అదొక్కటే ఆసరా. ‘‘మాట్లాడక్కర్లేదు, మీ ఇంట్లో చప్పుళ్లు వినిపించు చాలు’’ అనేవాడతను. ఆమె మైక్ ఆన్ చేసి పప్పు రుబ్బుకునేది.

ఇంతలో ఇంకో తమాషా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ‘‘మనవాళ్లు ఒప్పుకోవడం మాట అటుంచు, ప్రభుత్వం కూడా విడదీసింది’’ అని మెసేజ్ పెట్టాడు.

అప్పటికి ఆమె అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరి ఏడాది. జేఆర్‌ఎఫ్ వచ్చింది. నెలకి 31,000, 2023 జనవరి నుంచి 37,000. అతనికి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. మూడు షిఫ్టులు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు... వారానికొకటి. ఇద్దరి చేతుల్లోనూ డబ్బులున్నాయి, కానీ ఇద్దరికీ శనివారాలు లేవు. పీహెచ్‌డీ ఎన్నాళ్లు అంటే ఎవరూ చెప్పలేరు. గైడ్ చెప్పలేడు, రియాక్షన్ అసలే చెప్పదు. దూరంగా ఉన్నవాళ్లకి కిలోమీటర్ల కంటే ఇదే పెద్ద బాధ. ఎమ్మెస్సీ అయితే రెండేళ్లని తెలుసు, క్యాలెండరులో కొట్టేసుకోవచ్చు. తేదీ లేని ఎదురుచూపులో దేన్ని కొట్టేస్తారు?

ఆ ఏడాదే ఆమెకి సంబంధం వచ్చింది. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉయ్యూరులో మూడెకరాలు. ‘‘చదువయ్యేసరికి జుట్టు నెరుస్తుందే తల్లీ’’ అంది నాయనమ్మ. పీహెచ్‌డీ పూర్తయ్యేదాకా వద్దని ఆమె గట్టిగా చెప్పి వెనక్కి పంపించింది. అతనికి మాత్రం చెప్పలేదు. తేలిపోయిన విషయం, చెప్పి నిద్ర చెడగొట్టడం ఎందుకనుకుంది. తెనాలిలో ఉన్న మేనత్త కొడుకు ద్వారా అతనికి తెలిసింది. నల్ల చెవి కుక్కపిల్ల సంగతి చెప్పిన మనిషి, పెళ్లిచూపుల సంగతి చెప్పలేదు!

పదిహేడు రోజులు మాటల్లేవు. ఇక్కడ ఎవరిది తప్పో తేల్చడం కష్టం. ఆమె ఆ రోజు ఇంట్లో ఒంటరిగా పోట్లాడింది, ఆ పోట్లాట తనొక్కదానిదే అనుకుంది. అతను సీ షిఫ్టులో తెల్లవార్లూ రియాక్టరు ముందు నిలబడి, తనది కాని ఆ పోట్లాటలో తన భాగమేమిటా అని ఆలోచించాడు. పదిహేడో రోజు ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ‘‘మెస్‌లో ఇవాళ గుత్తొంకాయ.’’ అతను షిఫ్టు దిగాక జవాబిచ్చాడు: ‘‘మాకు సొరకాయ పప్పు. నీళ్లు.’’ సారీలు ఎవరూ చెప్పుకోలేదు. కానీ వారం తిరక్కుండా అతను హైదరాబాద్‌లో ఉద్యోగాలు వెతకడం మొదలుపెట్టాడు.

పక్కకొచ్చాక

2024లో బొల్లారం పారిశ్రామికవాడలో ఉద్యోగం దొరికింది. జీతం విశాఖ కంటే రెండు వేలు తక్కువ. మియాపూర్‌లో గది. క్యాంపస్‌కి బస్సులో అరగంట. ఆరేళ్ల తర్వాత ఒకే ఊళ్లో! సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి.

మొదటి మూడు నెలలూ కొట్టుకు చచ్చారు. ఆమె ల్యాబ్‌లోంచి తొమ్మిదింటికి గానీ బయటికి రాదని అతనికి తెలుసు. ఫోన్‌లో తెలుసు. గేటు దగ్గర గంటన్నర నిలబడితే కదా అసలు తెలిసేది. అతను టీ చప్పరిస్తూ తాగుతాడని ఆమెకి తెలియదు. ఆమె కోపమొస్తే అస్సలు మాట్లాడదని అతనికి తెలియదు. ఫోన్‌లో అలాంటప్పుడు ‘సిగ్నల్ లేదు’ అని పెట్టేసేది మరి! ఆదివారం ఒక్క గంట తన గదిలో తనొక్కతే పడుకోవాలని ఆమెకి ఉండేది. ఆ మాట అనలేకపోయేది. ఏడొందల కిలోమీటర్ల నుంచి వచ్చినవాణ్ని పొమ్మనరు. అరగంట దూరం నుంచి వచ్చినవాణ్ని అనొచ్చు, కానీ పాత అలవాటు పోదుగా.

అమెరికాలో లారా స్టాఫర్డ్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దూరంగా ఉండి మళ్లీ ఒకే ఊరికి చేరిన కాలేజీ జంటల్లో మూడో వంతు మూడు నెలల్లోపే విడిపోయాయి. దూరం తట్టుకున్నవాళ్లు దగ్గరతనం తట్టుకోలేకపోయారు. గొప్పగా ఊహించుకోవడం అన్నామే, అది ఇక్కడ బెడిసికొడుతుంది. ఫోన్‌లో ఉన్న మనిషికి చెమట పట్టదు, ఆలస్యం కాదు, టీ చప్పుడు కాదు. ఈ ఇద్దరూ ఆ మూడో వంతులో పడకుండా ఎలా గట్టెక్కారో వాళ్లకీ సరిగ్గా తెలియదు. ఒక్కటి మాత్రం చేశారు. పదింటి ఫోను మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రం షాప్‌కామ్ దగ్గర కలిసి టీ తాగినా సరే, ఎవరి గదికి వాళ్లు వెళ్లాక రాత్రి పదింటికి ఫోను. ఎదురుగా అనలేనివి కొన్ని అందులో చెప్పుకుంటారు. తోటి స్కాలర్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆమె థీసిస్ చివరి అధ్యాయం నడుస్తోంది. అది సమర్పించాక ఇళ్లలో చెప్పాలని ఒప్పందం. ముందు ఎవరింట్లో అన్నది తేలలేదు. వాళ్లమ్మకి ముందు చెప్పాలని ఆమె, వాళ్ల పెద్దన్నయ్యకి చెబితే అతనే నాన్న దగ్గర దారి చేస్తాడని అతను. ఇద్దరికీ భయమే.

కాచిగూడ నుంచి రేపల్లెకి డెల్టా ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి ఎక్కితే తెల్లవారుజామున తెనాలి, ఆ తర్వాత రేపల్లె. పండగలకి ఇద్దరూ ఇప్పుడు ఆ రైల్లోనే వెళతారు. కాచిగూడలో పక్కపక్క సీట్లలో కూర్చుంటారు. పులిహోర పొట్లం ఒక్కటే విప్పుకుని తింటారు. గుంటూరు వస్తోందనగా అతను బ్యాగు తీసుకుని రెండు బోగీల అవతలకి వెళ్లిపోతాడు. గుంటూరులో తెలిసినవాళ్లు ఎక్కుతారు కదా. తెనాలి ప్లాట్‌ఫాం మీద నాన్న మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉంటాడు. ఆమె దిగి, బ్యాగు ఆయనకి ఇచ్చి, వెనక్కి తిరక్కుండా నడుస్తుంది. ఆయన మాత్రం రోజూ రైలు చూసే మనిషిలా ఓ క్షణం ఆగి, కదులుతున్న బోగీలకేసి చూస్తాడు. ఒక కిటికీలో అతను తల దించుకుని ఫోను చూసుకుంటుంటాడు.

ఇంకా 34 కిలోమీటర్లుంది.